రక్తస్తంభన ఔషధాల వర్గీకరణ: అరబ్బీ వైద్యగ్రంథాల నుంచి దక్కను దారుష్షిఫా వరకు

వైద్యునికి ఆలోచించుకొనే వ్యవధి అతి తక్కువగా ఉండే సందర్భం రక్తస్రావం. జ్వరం వచ్చిన రోగిని రెండు మూడు రోజులు పరిశీలించవచ్చు. అజీర్ణానికి ఒక మందు పని చేయకపోతే మరొకటి ఇవ్వవచ్చు. తెగిన ధమని నుంచి రక్తం చిమ్ముతున్నప్పుడు గాని, కాన్పు అయిన స్త్రీకి స్రావం ఆగనప్పుడు గాని అటువంటి అవకాశం ఉండదు. చేతికి అందిన మందు ఏ పని చేస్తుందో, ఎక్కడ చేస్తుందో, ఎంత సేపట్లో చేస్తుందో ముందుగానే తెలిసి ఉండాలి. అందుచేత రక్తాన్ని ఆపే మందులను తరగతులుగా విభజించుకోవటం గ్రంథకర్తల పాండిత్య వినోదం కాదు. అది రోగి ప్రాణానికి సంబంధించిన ఏర్పాటు.

అరబ్బీ భాషలో వెలసి, తరువాత పారసీక భాషలోను, ఉర్దూలోను విస్తరించి, నేడు యూనానీ పేరుతో ప్రసిద్ధమైన వైద్యశాస్త్రం ఈ ఏర్పాటును ఎలా చేసింది, దానిని దక్కనులోని హకీములు ఈ నేల మూలికలకు ఎలా అన్వయించుకున్నారు, ఆధునిక వర్గీకరణ ముందు దాని విలువ ఏమిటి అన్నవి ఈ వ్యాసంలో పరిశీలించదగిన విషయాలు.

ఉహుద్ నాటి సంఘటన

ఇస్లామీయ సంప్రదాయంలో రక్తస్తంభనను గురించిన ప్రసిద్ధమైన తొలి ప్రస్తావన హిజ్రీ 3వ సంవత్సరం (క్రీ.శ. 625) నాటిది. ఉహుద్ యుద్ధంలో దైవప్రవక్త ముహమ్మద్ (స) ముఖానికి గాయమైనప్పుడు, కుమార్తె ఫాతిమా (ర) ఆ గాయాన్ని కడుగుతుండగా, అలీ (ర) డాలుతో నీళ్ళు పోస్తూ ఉన్నారు. నీరు పోసిన కొద్దీ రక్తం అధికం కావటం గమనించిన ఫాతిమా ఒక చాపముక్కను కాల్చి, ఆ బూడిదను గాయం మీద అద్దగా రక్తం ఆగింది. సహల్ బిన్ సఅద్ (ర) ఉల్లేఖనంగా ఈ సంఘటన బుఖారీ సంకలనంలో నమోదైనది.

ఈ ఉల్లేఖనంలో వైద్యచరిత్రకారునికి ఆసక్తి కలిగించేవి రెండు అంశాలు. నీరు రక్తాన్ని ఆపటం లేదన్న పరిశీలన మొదటిది. వెంటనే పద్ధతి మార్చి, ఆరబెట్టే గుణం గల పదార్థాన్ని ప్రయోగించటం రెండవది. ఏడు శతాబ్దాల తరువాత డమాస్కస్ పండితుడు ఇబ్నుల్ ఖయ్యిమ్ (మరణం హి. 751, క్రీ.శ. 1350) ఈ సంఘటనను వ్యాఖ్యానిస్తూ, ఆ చాప బర్దీ అనే నీటిరెల్లుతో అల్లినదని, దాని బూడిద గాయాన్ని పెద్దగా మండించకుండా బలంగా ఆరబెడుతుందని, అందుకే రక్తాన్ని ఆపగలిగిందని వివరించినాడు. అంటే ఒక గృహచికిత్సను ఆయన తన కాలపు ఔషధ వర్గీకరణలో చేర్చి చూపినాడు. ‘ఆరబెట్టేది, మండించనిది’ అన్న ఆ రెండు మాటల వెనుక అప్పటికే సుదీర్ఘమైన శాస్త్రచర్చ ఉన్నది.

రెండు ప్రవాహాల సంగమం

ఆ చర్చకు మూలాలు ఒకటి గ్రీకు, రెండవది భారతీయం. రెండవ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్, అరబ్బీ గ్రంథాలలో జాలీనూస్, కుందురును ముసాంబరంతో కలిపి నూరి, కోడిగ్రుడ్డు తెల్లసొనతో తేనె పాకం వలె చేసి, కుందేటి మెత్తని వెంట్రుకలకు పట్టించి గాయంలో అదిమి కట్టాలని బోధించినాడు. ఈ యోగం అరబ్బీ వైద్యులందరికీ పరిచితమే. ఇందులో మూడు పనులు ఒకేసారి జరుగుతున్నవి: కుందురు ఆరబెడుతున్నది, తెల్లసొన అంటుకొని రంధ్రాన్ని మూస్తున్నది, వెంట్రుకలు ఆ రెండింటినీ నిలిపి ఉంచుతున్నవి.

భారతీయ ప్రవాహం సుశ్రుతునిది. సుశ్రుత సంహిత సూత్రస్థానం 14వ అధ్యాయంలో రక్తాన్ని ఆపటానికి నాలుగు ఉపాయాలు చెప్పబడినవి: సంధానం, స్కందనం, పాచనం, దహనం. వగరు గల కషాయద్రవ్యాలు గాయాన్ని కలుపుతాయి. చల్లదనం రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. భస్మం పాచనం చేస్తుంది. నిప్పుతో కాల్చటం సిరలను ముడుచుకొనేటట్లు చేస్తుంది. మొదటి వాటితో ఫలితం లేనప్పుడే తరువాతి వాటికి పోవాలి. దహనం అన్నిటికంటె చివరిది. ఉహుద్ నాటి చాపబూడిదకు ఈ పట్టికలో స్థానం వెతికితే, భస్మంతో చేసే పాచనం కింద చేరుతుంది.

ఈ రెండు ప్రవాహాలు బాగ్దాదులో కలిసినవి. అబ్బాసీ ఖలీఫాల కాలంలో బర్మకీ వంశపు మంత్రి యహ్యా బిన్ ఖాలిద్ ప్రోత్సాహంతో మన్కా అనే భారతీయ వైద్యుడు సుశ్రుత సంహితను వివరించి అరబ్బీలోనికి తెచ్చినట్లు ఇబ్నున్నదీమ్ తన గ్రంథసూచికలో తెలిపినాడు. తబరిస్తాను వాడైన అలీ బిన్ రబ్బన్ క్రీ.శ. 850లో పూర్తి చేసిన ‘ఫిర్దౌసుల్ హిక్మా’లో భారతీయ వైద్యానికి ప్రత్యేక భాగాన్నే కేటాయించినాడు. అబూబకర్ ముహమ్మద్ బిన్ జకరియ్యా రాజీ (క్రీ.శ. 865–925) ‘కితాబుల్ హావీ’లో గ్రీకు పేర్ల నడుమ సుశ్రుతుని పేరు ‘సుస్రుద్’గా కనిపిస్తుంది. అందుచేత అరబ్బీ వైద్యాన్ని కేవలం గ్రీకు వైద్యానికి అనువాదంగా భావించటం చరిత్రకు విరుద్ధం.

ఇబ్న్ సీనా విభజన

విడివిడిగా ఉన్న యోగాలను ఒక క్రమంలోనికి తెచ్చిన ఘనత షేఖ్ బూ అలీ ఇబ్న్ సీనా (హి. 370–428, క్రీ.శ. 980–1037) కు చెందుతుంది. ఆయన ‘అల్ ఖానూన్ ఫిత్తిబ్’ ఐదు భాగాల గ్రంథం. రెండవ భాగం ఒంటరి మూలికలకు, అనగా ముఫ్రదాత్‌కు సంబంధించినది. మందుల పట్టిక ఇవ్వటానికి ముందు ఆయన మందులు చేసే పనులకు పేర్లు పెట్టి, ఒక్కొక్క పేరుకు నిర్వచనం ఇచ్చినాడు. రక్తస్తంభనకు ఉపయోగపడే తరగతులను ఆ నిర్వచనాల నుంచి ఏరి చూస్తే ఒక చక్కని క్రమం బయటపడుతుంది.

మొదటిది ఖాబిజ్. ఇది అవయవ భాగాలను ఒకదానికొకటి దగ్గరకు లాగి, దట్టం చేసి, నాళముఖాలను బిగిస్తుంది. వగరు రుచి దీని గుర్తు. ఎండిన దానిమ్మ పువ్వు (గుల్నార్), మాచికాయ, పటిక, తుమ్మకాయల రసాన్ని ఎండబెట్టిన అఖాఖియా ఇందులోనివి.

రెండవది ముగర్రీ. ఇది పొడి స్వభావం కలిగినప్పటికీ కొద్దిపాటి జిగటదనం ఉన్నది. నాళముఖానికి అంటుకొని దానిని మూసివేసి, కారుతున్న దానిని ఆపుతుంది. తుమ్మ బంక, వేయించిన జిగురు గింజలు, తెల్లసొన ఈ తరగతివి. ఖాబిజ్ నాళాన్నే ముడుచుకొనేటట్లు చేస్తుంది; ముగర్రీ నాళాన్ని కదిలించకుండా మీద మూతగా నిలుస్తుంది. ఫలితం ఒకటే అయినా పని వేరు. ఈ భేదాన్ని గుర్తించటమే ఇబ్న్ సీనా విభజనలోని ముఖ్యాంశం.

మూడవది కావీ. ఇది చర్మాన్ని కాల్చి, ఎండబెట్టి, బొగ్గు వలె గట్టిపరుస్తుంది. అలా ఏర్పడిన పెచ్చుకు ‘ఖుష్క్‌రీషా’ అని పేరు. ఆ పెచ్చే నాళానికి అడ్డుకట్ట అవుతుంది. ధమనుల నుంచి వచ్చే రక్తాన్ని ఆపటానికి ఈ తరగతిని వాడాలని, అన్నభేది జాతికి చెందిన జాజ్, ఖల్ఖతార్ అనే లోహలవణాలు దీనికి ఉదాహరణలని ఇబ్న్ సీనా చెప్పినాడు.

తరువాతివి రక్తం నిలిచిన పిమ్మట పనికి వచ్చేవి. ముద్మిల్ గాయపు రెండు అంచుల మధ్యనున్న తడిని చిక్కపరచి, జిగురుగా మార్చి, వాటిని అతికిస్తుంది. ముసాంబరం, ‘దమ్ముల్ అఖవైన్’ అనే ఎర్రని గుగ్గిలం దీనికి ఉదాహరణలు. మున్బిత్ గాయానికి చేరిన రక్తాన్ని మాంసంగా మార్చి గుంటను పూడ్చుతుంది. ఖాతిమ్ పైభాగాన్ని ఆరబెట్టి, సహజమైన చర్మం వచ్చేవరకు రక్షణగా పెచ్చు కట్టిస్తుంది. ఈ మూడింటినీ రక్తస్తంభన మందుల పక్కన చేర్చటంలో ఔచిత్యం ఉన్నది. కావీతో ఏర్పడిన పెచ్చు ఊడిపోతే రక్తం మళ్ళీ రావచ్చు. పెచ్చు కింద మాంసం మొలవకపోతే చికిత్స పూర్తి కానట్టే. ఆపే మందుతోపాటు, మళ్ళీ రాకుండా చేసే మందు కూడా అవసరమని ఈ క్రమం బోధిస్తున్నది.

ఇవి కాక, రక్తాన్నే చిక్కపరిచే ముగల్లిజ్, అవయవాన్ని మొద్దుబారజేసే ముఖద్దిర్ అనే తరగతులు కూడా ఉన్నవి. నల్లమందు వంటి ముఖద్దిర్‌లను అతి జాగ్రత్తగా వాడాలన్న హెచ్చరిక గ్రంథాలలో పదేపదే వస్తుంది. వీటన్నిటినీ కలిపి పిలిచే సాధారణ నామం ‘హాబిస్’, అనగా బంధించేది. ‘హాబిసె దమ్’ అంటే రక్తాన్ని బంధించే మందు. నేటి యూనానీ పాఠ్యగ్రంథాలలోను ఈ పేరు వాడుకలో ఉన్నది.

శస్త్రవైద్యుల దృష్టి

మందుల శక్తికి హద్దు ఉన్నదని గట్టిగా చెప్పినవారు శస్త్రవైద్యులు. అందలూసియాలోని ఖుర్తుబా (కార్డోవా) ప్రాంతపు వైద్యుడు అబుల్ ఖాసిమ్ జహ్రావీ (మరణం సుమారు క్రీ.శ. 1013) ‘అత్తస్రీఫ్’ 30వ ప్రకరణంలో ధమని రక్తస్రావాన్ని గురించి స్పష్టమైన మాట చెప్పినాడు. ధమని నుంచి రక్తం అధికంగా పోతుంటే దానిని ఆపే మార్గాలు నాలుగే: నిప్పుతో కాల్చటం, ధమని సగమే తెగి ఉంటే దానిని పూర్తిగా కోసివేయటం, గట్టి దారంతో ముడివేయటం, రక్తాన్ని ఆపే మందులు పెట్టి బిగించి కట్టటం.

సగం తెగిన ధమనిని పూర్తిగా కోయమనటం వినటానికి వింతగా తోచవచ్చు. సగమే తెగిన నాళం రెండు వైపులా లాగబడి తెరుచుకొని ఉంటుంది. పూర్తిగా తెగినప్పుడు కొనలు లోపలికి ముడుచుకొని మూసుకుపోతాయి. జహ్రావీ చెప్పిన కారణం ఇదే. నేటి శస్త్రవైద్యులు కూడా ఈ విషయాన్ని అంగీకరిస్తారు. నాలుగు మార్గాలలో మందులను చివర పేర్కొనటం, అక్కడ కూడా బిగించి కట్టాలనటం గమనార్హం. పెద్ద ధమని ముందు ఒంటరి మందు నిలవదని ఆయన అనుభవం.

సిరియా ప్రాంతపు వైద్యుడు ఇబ్నుల్ ఖుఫ్ (క్రీ.శ. 1233–1286) శస్త్రవైద్యానికే అంకితం చేసిన ‘అల్ ఉమ్దా ఫీ సినాఅతిల్ జిరాహా’ను 20 ప్రకరణాలుగా రచించినాడు. శిలువ యుద్ధాల కాలంలో గాయపడినవారి మధ్య పని చేసిన వైద్యునికి ఈ విషయం ఎంత సన్నిహితమో వేరే చెప్పనవసరం లేదు.

ఏ చోట, ఏ వేళ

పనిని బట్టి చేసిన విభజనకు తోడుగా, చోటును బట్టి చేసిన విభజన కూడా ఉన్నది. ముక్కు నుంచి వచ్చేది రుఆఫ్, ఊపిరితిత్తుల నుంచి దగ్గుతో వచ్చేది నఫ్సుద్దమ్, కడుపు నుంచి వాంతిగా వచ్చేది ఖైయుద్దమ్, మూత్రంతో వచ్చేది బౌలుద్దమ్, అర్శస్సులది బవాసీరె దామియా, ఋతుస్రావం మితిమీరటం కస్రతె తమ్స్. ఒక్కొక్క చోటికి మందును చేర్చే రూపం వేరు. ముక్కుకు నస్యం లేదా మందులో తడిపిన వత్తి, గాయానికి పొడి లేదా పట్టు, లోపలి అవయవాలకు మాత్రలు, పానకాలు. కహ్రుబా, అనగా రుద్దితే గడ్డిపోచలను ఆకర్షించే పసుపు శిలాజగుగ్గిలం, ప్రధానంగా చేసిన ‘ఖుర్సె కహ్రుబా’ బిళ్ళలు, అంజబార్ వేరుతో చేసిన ‘షర్బతె అంజబార్’ లోపలి రక్తస్రావాలకు చెప్పబడిన ప్రసిద్ధ యోగాలు.

వీటికంటె లోతైన ప్రశ్న మరొకటి ఉన్నది: రక్తాన్ని ఎల్లప్పుడూ ఆపవలసిందేనా? తీవ్రజ్వరంలో వ్యాధి మలుపు తిరిగే ఘడియను హకీములు ‘బుహ్రాన్’ అన్నారు. ఆ ఘడియలో ముక్కు నుంచి కొద్దిగా రక్తం పోవటం ప్రకృతి చేసే విసర్జన అని, రోగి బలహీనపడనంత వరకు దానిని ఆపరాదని వారి మతం. ఈ సిద్ధాంతానికి ఆధారమైన చతుర్దోష వాదాన్ని నేటి వైద్యం అంగీకరించదు. కాని మందు ఇచ్చే ముందు ‘ఆపాలా, వద్దా, ఆపితే ఎప్పుడు’ అని అడగటం వారు వైద్యునికి నేర్పిన క్రమశిక్షణ. దీని విలువ ఇరవై ఒకటవ శతాబ్దపు పరిశోధనలో మరొక రూపంలో కనిపిస్తుంది.

దక్కనుకు వచ్చిన శాస్త్రం

ఈ శాస్త్రం దక్కనులో స్థిరపడటానికి సుల్తానులు నెలకొల్పిన దారుష్షిఫాలు, అనగా వైద్యశాలలు, ఆధారమైనవి. 15వ శతాబ్దంలో బహమనీ సుల్తాను రెండవ అలావుద్దీన్ అహ్మద్ షా బీదరులో వైద్యశాల కట్టించి, అందులో ముస్లిం వైద్యులతోపాటు హిందూ వైద్యులను కూడా నియమించినట్లు చరిత్రకారుడు ఫిరిష్తా వ్రాసినాడు. హైదరాబాదు నగర నిర్మాత ముహమ్మద్ ఖులీ ఖుతుబ్‌షా 1595 ప్రాంతంలో మూసీనదికి దక్షిణాన నడుమ విశాలమైన ఆవరణతో రెండంతస్తుల దారుష్షిఫాను నిర్మింపజేసినాడు. వైద్యశాలగా అది ఎన్నడో అంతరించినా, ఆ పేట పేరు నేటికీ దారుష్షిఫాయే.

ముహమ్మద్ ఖులీకి పేష్వాగా ఉన్న మీర్ ముహమ్మద్ మోమిన్ అస్తరాబాదీ పండితుడు, రాజనీతిజ్ఞుడు. షీరాజులో హాజీ జైన్ అత్తార్ 14వ శతాబ్దంలో వ్రాసిన ‘ఇఖ్తియారాతె బదీయీ’ అనే ఔషధ నిఘంటువును ఆధారం చేసుకొని ఆయన ‘ఇఖ్తియారాతె ఖుతుబ్‌షాహీ’ని రచించినాడు. బీజాపూరు ఆస్థానంలో ఉన్న ఫిరిష్తా చరిత్రకారుడుగానే గాక వైద్యరచయితగా కూడా ప్రసిద్ధుడు. భారతీయ మూలికలను, చికిత్సలను పారసీక పాఠకులకు పరిచయం చేయటానికి ‘దస్తూరుల్ అతిబ్బా’ను వ్రాసినాడు.

పారసీక దేశంలో వ్రాసిన నిఘంటువును దక్కనులో తిరగవ్రాయవలసిన అవసరం ఏమిటి? గ్రంథంలోని మందు ఈ బజారులో దొరకకపోవటమే ఆ అవసరం. దమ్ముల్ అఖవైన్ సుఖుత్రా ద్వీపం నుంచి రావాలి. గిలె అర్మనీ అర్మీనియా మట్టి. ఓడ రాకపోతే రోగి రక్తం ఆగదు. ఈ చిక్కుకు అరబ్బీ వైద్యం కనిపెట్టిన పరిష్కారం ‘బదల్’, అనగా బదులు మందు. రాజీ బదులు మందులను గురించి ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథమే వ్రాసినాడు. ఒక మందుకు మరొక మందు బదులు కావాలంటే రెండూ ఒకే తరగతికి చెందాలి, ఒకే పని చేయాలి. తరగతి తెలియనివాడు బదులు ఎంచలేడు. వర్గీకరణ శాస్త్రం గ్రంథాలయం దాటి రోగి మంచం దగ్గరకు వచ్చే చోటు ఇదే.

తెలుగునేల ఇందుకు ఎంతో అనువైనది. ఆంధ్ర, తెలంగాణల సరిహద్దున ఉన్న తిరువూరు సీమలో, పెనుగొలను వంటి ఊళ్ళ చుట్టుపక్కల మెట్టభూములలో తుమ్మ, మోదుగ వంటి చెట్లు అతి సామాన్యం. తుమ్మ బంక గ్రంథాలలోని సమగె అరబీకి బదులై ముగర్రీ పని చేస్తుంది. అదే చెట్టు కాయలు వగరుతో ఖాబిజ్ అవుతాయి. మోదుగ మాను గాటు నుంచి కారి గడ్డకట్టే ఎర్రని బంకలోను వగరు హెచ్చు. కొండ అడవులలోని యేగిస చెట్టు ఎర్రని బంకను మన బజారులలో దమ్ముల్ అఖవైన్‌కు బదులుగా వాడిన సంప్రదాయం ఉన్నది. పెరటి దానిమ్మ గుల్నార్‌ను ఇస్తుంది. పటిక, కావిమట్టి, అన్నభేది ఏ పచారీ కొట్టులోనైనా దొరికే సరుకులే. సుఖుత్రా ఓడకోసం ఎదురుచూడనవసరం లేని స్థితిని ఈ మెట్టపొలాలు కల్పించగలవు.

వరికోతలలో కొడవలి తెగినప్పుడు గట్టు మీది గడ్డిచేమంతి ఆకును నలిపి రసం పిండటం తెలుగు పల్లెలలో అందరూ ఎరిగిన వాడుక. ఈ మొక్క స్వస్థలం అమెరికా ఖండం. క్రీ.శ. 1492కు ముందు అది ఇక్కడ లేదు. ఇబ్న్ సీనాకు గాని సుశ్రుతునికి గాని తెలియదు. అయినా రైతుకూలీ దానిని వాడిన తీరు చూచిన హకీము దానిని హాబిసుల వరుసలో చేర్చటానికి సంకోచించడు. మొక్క పేరును బట్టి గాక పనిని బట్టి చేసిన విభజనలో కొత్త మందుకు ఎప్పుడూ చోటు ఉంటుంది.

హైదరాబాదు చేసిన సేవ

అరబ్బీ వైద్యగ్రంథాలను నేటి ప్రపంచానికి అందించటంలో హైదరాబాదు పాత్ర విశిష్టమైనది. 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ, తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయంతో అనుబంధం పొంది, చేతివ్రాత ప్రతులను పరిష్కరించి ముద్రించింది. ఇబ్నుల్ ఖుఫ్ ‘ఉమ్దా’ హి. 1356 (క్రీ.శ. 1937)లో రెండు సంపుటాలుగా ఇక్కడి నుంచే వెలువడినది. రాజీ ‘హావీ’ 1955 మొదలుకొని 23 సంపుటాలుగా వచ్చినది. సుశ్రుతుని పేరును బాగ్దాదు నుంచి కాపాడిన గ్రంథం మూసీతీరాన అచ్చు కావటం చరిత్రలోని అందమైన సంఘటన.

ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో చార్మినారు చెంత నిర్మితమైన నిజామియా వైద్యశాల, దాని తిబ్బీ కళాశాల యూనానీ బోధనకు కేంద్రమైనవి. కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హఖ్ యూనానీ వైద్యకళాశాల ఆంధ్రప్రదేశ్‌లో ఈ విద్యను కొనసాగిస్తున్నది. ఆధునిక వైద్యం చదివిన తెలుగువాడైన డాక్టర్ డి.వి. సుబ్బారెడ్డి హైదరాబాదులో వైద్యచరిత్ర పరిశోధనకు పునాది వేసి, దక్కను సుల్తానుల దారుష్షిఫాలను గురించి వ్రాసినారు. ఆయన కృషి నుంచి పెరిగిన సంస్థ ఆయుర్వేద, యూనానీ, సిద్ధ వైద్యాల చరిత్రను ఒకే కప్పు కింద పరిశీలిస్తూ వస్తున్నది.

ఆధునిక వర్గీకరణ

ఆధునిక వైద్యం రక్తం గడ్డకట్టే తీరును ఇబ్న్ సీనా ఊహించని లోతుకు వెళ్ళి చూచింది. విలియం హార్వే 1628లో రక్తప్రసరణను నిరూపించినాడు. బిజ్జొజెరో 1882లో రక్తఫలకికల పనిని వివరించినాడు. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు హెన్రిక్ డామ్ విటమిన్ కె ని కనుగొని, 1943 నోబెల్ బహుమతిని ఎడ్వర్డ్ డాయిసీతో పంచుకున్నాడు. జపానుకు చెందిన ఒకమోటో దంపతులు 1962లో ట్రానెగ్జామిక్ ఆమ్లాన్ని ప్రకటించినారు.

1982లో ఓస్లోలో ఏర్పడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రం నిర్వహించే ఔషధ వర్గీకరణలో రక్తానికి సంబంధించిన మందులు ‘బి’ అక్షరం కింద, రక్తస్రావాన్ని అరికట్టేవి ‘బి 02’ కింద ఉన్నవి. ఇందులో రెండు శాఖలు. ఏర్పడిన గడ్డ కరగకుండా కాపాడేవి మొదటి శాఖ; ట్రానెగ్జామిక్ ఆమ్లం, అమినోకాప్రోయిక్ ఆమ్లం, అప్రోటినిన్ ఇందులోనివి. గడ్డకట్టటానికి తోడ్పడేవి రెండవ శాఖ. విటమిన్ కె, ఫైబ్రినోజెన్, గడ్డకట్టే కారకాలు, ఎటామ్సిలేట్ వంటివి, గాయం మీదనే వాడే జెలటిన్ స్పంజి, ఆక్సీకృత సెల్యులోజు వంటివి ఇందులో చేరినవి.

పాత తరగతులను వీటి పక్కన పెట్టి చూచినప్పుడు పోలికలు, తేడాలు రెండూ కనిపిస్తాయి. జెలటిన్ స్పంజి నాళముఖం మీద మూతగా నిలిచే ముగర్రీని తలపిస్తుంది. చిన్న శస్త్రచికిత్సలలోను, దంతవైద్యంలోను నేటికీ వాడే ఇనుప సల్ఫేటు ద్రావణాలు ఇబ్న్ సీనా కావీగా చెప్పిన జాజ్‌కు దగ్గరి బంధువులు. యుద్ధరంగంలో వాడే గుడ్డపట్టీలకు కేయోలిన్ అనే తెల్లమట్టిని పట్టిస్తున్నారు. ఆ మట్టి రక్తంలోని పన్నెండవ కారకాన్ని మేల్కొలిపి గడ్డకట్టే క్రియను ప్రారంభిస్తుంది. గాయానికి మట్టి వాడిన పూర్వులకు ఈ కారణం తెలియదు. పైగా శుద్ధి చేయని మట్టితో, బూడిదతో ధనుర్వాతం వంటి అంటువ్యాధులు వస్తాయని నేడు తెలుసు. పాత గ్రంథాలలో సీసం, పాషాణం వంటి విషద్రవ్యాలు కలిసిన యోగాలు కూడా ఉన్నవి. కాబట్టి పోలిక ఉన్నంత మాత్రాన పాత యోగాన్ని నేటి రోగికి సిఫారసు చేయటం తగదు.

తేడాలలో ప్రధానమైనది గడ్డ కరగకుండా ఆపే తరగతి. పూర్వులు నాళాన్ని, రక్తపు చిక్కదనాన్ని చూచినారే గాని, ఏర్పడిన గడ్డను శరీరమే తిరిగి కరిగించుకుంటుందన్న సంగతి వారికి తెలియదు. హీమోఫిలియా వంటి పుట్టుకతో వచ్చే లోపాలకు వారి వద్ద మందు లేదు. లోపించిన కారకాన్నే అందించే చికిత్స ఆధునిక శాస్త్రపు విజయం.

అయితే ఆధునిక పట్టిక కూడా పూర్ణమైనదని చెప్పలేము. కాన్పు తరువాత రక్తస్రావాన్ని నివారించటంలో మొదటి మందు ఆక్సిటోసిన్. అది గర్భాశయాన్ని ముడుచుకొనేటట్లు చేసి నాళాలను బిగిస్తుంది. కాని అది ‘బి 02’లో లేదు, హార్మోనుల తరగతిలో ఉన్నది. రక్తం పోతున్న తల్లికోసం రక్తస్రావపు మందుల పట్టికను మాత్రమే తెరిచేవాడికి ఆమెకు ముందుగా ఇవ్వవలసిన మందు కనిపించదు. చోటును బట్టి కూడా మందులను విభజించుకున్న హకీముల పద్ధతిలో గర్భాశయానికి వేరే అధ్యాయం ఉండటం ఈ లోపాన్ని నివారించటానికే అనవచ్చు.

‘ఎప్పుడు’ అన్న పాత ప్రశ్న కూడా తిరిగి వచ్చినది. 40 దేశాలలోని 274 ఆస్పత్రులలో 20,211 మంది క్షతగాత్రుల మీద జరిపి 2010లో ప్రకటించిన క్రాష్-2 పరిశీలనలో ట్రానెగ్జామిక్ ఆమ్లం మరణాలను తగ్గించినట్లు తేలినది. గాయమైన మూడు గంటలలోపు ఇచ్చినప్పుడే ఆ మేలు. ఆ తరువాత ఇస్తే రక్తస్రావపు మరణాలు హెచ్చుతాయని అదే పరిశీలన సూచించింది. కాన్పు అయిన స్త్రీలు 20,060 మందిపై జరిపి 2017లో ప్రకటించిన వుమన్ పరిశీలన కూడా త్వరితచికిత్సలోనే ప్రయోజనాన్ని కనుగొన్నది. ఆ సంవత్సరమే ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్పు తరువాతి రక్తస్రావానికి ఈ మందును మూడు గంటలలోపు ఇవ్వాలని సిఫారసు చేసింది.

చరిత్ర ఇచ్చే తీర్పు

పై పరిశీలన వల్ల తేలే విషయాలు కొన్ని. అరబ్బీ వైద్యులు రక్తస్తంభన మందులను మూడు కొలతలతో చూచినారు: మందు చేసే పని, రక్తం పోయే చోటు, మందు ఇచ్చే వేళ. వారి శరీరశాస్త్రం చాలావరకు కాలగర్భంలో కలిసిపోయినది. కాని ఆ మూడు కొలతలు మిగిలినవి. నేటి పట్టిక పనిని అద్భుతంగా వివరించింది. చోటును వేరే పట్టికలకు వదిలివేసింది. వేళను పట్టికలో చేర్చలేక పరిశీలన ఫలితాలకు అప్పగించింది.

మరొక విషయం. ఈ వర్గీకరణ ఏ ఒక్క జాతి సొత్తూ కాదు. గ్రీకు వైద్యుని కుందురు, సుశ్రుతుని నాలుగు ఉపాయాలు, మదీనా ఇంటిలో నిత్యం వాడే చాప, అందలూసియా శస్త్రవైద్యుని దారపుముడి, దక్కను హకీము ఎంచిన తుమ్మ బంక ఇందులో ఒకదాని పక్కన ఒకటి చేరినవి. బీదరు వైద్యశాలలో ఇరుమతాల వైద్యులు కలిసి పని చేసినప్పుడు వారి చేతిలోని గ్రంథాలు అప్పటికే ఒకదాని నుంచి ఒకటి నేర్చుకొని ఉన్నవి. తిరువూరు వైపు పల్లెలో నేడు రక్తస్రావంతో బాధపడే తల్లికి కావలసినది సకాలంలో ఆస్పత్రి, ఆక్సిటోసిన్, ట్రానెగ్జామిక్ ఆమ్లం, రక్తనిధి. ఆ ఊరి తుమ్మ బంక ఆమెను కాపాడలేదు. ఏ మందు ఏ పనికి, ఏ చోటికి, ఏ ఘడియకు అన్న వివేకం మాత్రం ఆ మందును ఆమెకు అందించే చేతికి నేటికీ అవసరమే.